మైలురాళ్ల లెక్క

ముప్పై ఏళ్ల బండివి.
ముసలి గుర్రానికి పళ్లు చూసినట్టు
బానెట్ ఎత్తి చూస్తున్నాను నిన్ను.
గ్యాలనుకి పదమూడు మైళ్లు,
ఆపైన ఒక్క అడుగు కదలనని మొండికేశావు.

నాది ఉత్తరాల దారి.
తూర్పు మోంటానాలో రోజుకి తొంభై రెండు మైళ్లు, అరవై ఒక్క డబ్బాలు.
డబ్బాకీ డబ్బాకీ నడుమ
గాలి తప్ప ఇరుగూ లేదు, పొరుగూ లేదు.
కాంట్రాక్టు ప్రకారం పెట్రోలు నా చేతి ఖర్చు.
పంపు మీద అంకెలు గిర్రున తిరుగుతుంటే
అటు చూడను,
సూది మందు వేయించుకునేవాళ్లు గోడకేసి చూసినట్టు
గోధుమ చేలకేసి చూస్తాను.

ముందు టైర్లు.
తెల్లారకముందే, రబ్బరు చల్లగా ఉన్నప్పుడు కొలిచాను.
నాలుగింట్లో మూడు పస్తులున్నాయి.
కడుపునిండా గాలి కొట్టాను.

తర్వాత ఎయిర్ ఫిల్టరు. పెట్టె విప్పితే
పోయినేటి పొట్టు,
రెండు ఎండు మిడతలు,
ఏ చిట్టెలుకో శ్రద్ధగా పేర్చుకున్న గూడు,
ఆ గూటి గోడలో
ఆర్డిస్ టోర్గర్సన్ గారికి చేరాల్సిన
విత్తనాల కేటలాగు ముక్క.
ఏ ఏడాదిదో తెలియదు.
జేబులో పెట్టుకున్నాను.

కుడి వెనక చక్రం మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.
బ్రేకు విడవడం లేదు.
పొమ్మంటూనే గుమ్మంలో చెయ్యి వదలని చుట్టంలా
ఎన్నాళ్లనుంచి పట్టుకునుందో!
స్ప్రింగు మార్చాను, రెండు వేళ్లు చితక్కొట్టుకున్నాను,
అమ్మ వినకూడని మాట ఒకటి అన్నాను.

జూన్ వచ్చినా తొట్టిలోనే ఉన్న
చలికాలపు ఇసుక బస్తాలు, ఆరు.
అయిదు దింపాను.
ఒకటి ఉంచాను.
మోంటానా జూన్‌ని నేను నమ్మను.

ధాన్యం గోదాము దగ్గర క్లీటస్ బోన్
కాఫీ చప్పరిస్తూ తీర్పు చెప్పాడు:
"వెనక తలుపు దించి నడుపు, గాలి తేలిగ్గా పోతుంది."
వారం దించి నడిపాను.
పోయింది గాలి కాదు,
ఎవరిదో బూట్ల పార్శిలు.
తలుపెత్తి గొళ్లెం పెట్టాను.

ఇంత చేసి ట్యాంకు నింపి లెక్క కడితే,
పదమూడు.
దాని పక్కన చుక్క, చుక్క పక్కన ఒకటి.

ఆ కోపంలోనే మైలురాళ్లు లెక్కపెట్టాను.
ఇక్కడ మైలురాయి రాయి కాదు,
కడ్డీ మీద ఆకుపచ్చ రేకు.
నలభై ఒకటి దగ్గర మీటరు సున్నా చేసి
యాభై ఒకటి దాకా కళ్లార్పకుండా వచ్చాను.
పది మైళ్లు.
నీ మీటరు తొమ్మిదీ పైన మూడు అంది.
వెనక్కి తిరిగి మళ్లీ పోయాను.
మళ్లీ అదే మాట.

అప్పుడు గుర్తొచ్చాడు తమ్ముడు వెర్లిన్.
తొమ్మిదేళ్ల కిందట, బురదల కాలంలో,
ఎవరిదో నుజ్జయిన బండి టైర్లు పట్టుకొచ్చి
"కాస్త పెద్దవి, ఊరికే వచ్చాయి" అంటూ బిగించాడు.
అప్పటినుంచీ నువ్వు
వేసే ప్రతి చుట్టూ
నీకే తెలియనంత పొడుగు.

పద్నాలుగు!
పదమూడని నిన్ను తిట్టిన తిట్లన్నీ
ఒక మైలు తక్కువ తిట్లు.
చేసిన చాకిరీ రాసిపెట్టుకోవడం రానివాళ్లలో
నువ్వూ ఒకదానివి.

"అది పొదుపు కాదు, కూడిక" అంటాడు క్లీటస్.
అననీ.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు.
మీటరు తక్కువ చెబితే ఆయిలు ఆలస్యంగా మార్చినట్టే.
ముల్లు తక్కువ చెబితే,
యాభై అయిదు దాటనని
నన్ను నేను మెచ్చుకున్న తొమ్మిదేళ్లూ
యాభై తొమ్మిదిలో పరిగెత్తినట్టే.
పెట్రోలు తాగింది
సగం నువ్వు, సగం నా పాదం.

ఇవాళ ముల్లుని యాభై ఒకటి దగ్గర పట్టి ఉంచాను.
వెనక గడ్డి లారీ హారన్ కొట్టింది.
చెయ్యి బయటపెట్టి, పొమ్మన్నాను.

ముప్పై ఏడో డబ్బా ఆర్డిస్ గారిది.
కరెంటు బిల్లు, చర్చి కాగితం,
వాటి మీద
ఎలుక కొరికిన సగం బీట్‌రూట్ బొమ్మ.
ఎర్రజెండా దించి
రెండో గేరులో, మెల్లిగా కదిలాను.